రోటావైరస్ రకాల గుర్తింపు – 3వ పాఠం: జెల్ మీద పీ రకం చదవడం

రెండో పాఠంలో, పిల్లల్లో నీళ్ల విరేచనాలు తెచ్చే రోటావైరస్ ఉందేమోనని విరేచనం నమూనాను ఎలైజాలో (వైరస్ ప్రొటీన్‌ని రంగుతో చూపే పరీక్ష) పెట్టి పాజిటివ్ అని తేల్చాం. ఎలైజా పట్టుకునేది వీపీ6 అనే లోపలి ప్రొటీన్‌ని. గ్రూప్ ఎ రోటావైరస్‌లన్నిటిలో అది దాదాపు ఒకటే కాబట్టి, పర్లాకిమిడి బాబుకీ గుణుపురం పాపకీ వచ్చింది ఒకే రకమా కాదా అన్నది అది చెప్పలేదు. రకం తేలేది పైపొర ప్రొటీన్లతో: వీపీ7 వల్ల జీ రకం, వీపీ4 వల్ల పీ రకం. రెండూ కలిపి జీ1పీ[8], జీ2పీ[4] అని రాస్తాం. ఈ విడత పీ ఒక్కటే. రెండూ ఒకే పూట మొదలుపెడితే ట్యూబులు తారుమారవడం ఖాయం.

రోటావైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యు పదార్థం) రెండు పేటలది, పైగా 11 ముక్కలు. పేటలు విడదీయకుండా ఆర్‌టీ ఎంజైమ్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి రాసేది) వేస్తే, ఆ తర్వాతి పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకి లక్షల కాపీలు తీసే పద్ధతి) ఏమీ రాదు. అందుకే ఆర్‌ఎన్‌ఏని 97 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేసి, వెంటనే ఐసులో గుచ్చాలి. బల్ల మీద పెట్టి మాటల్లో పడితే పేటలు మళ్లీ అతుక్కుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పీసీఆర్ మొదటి రౌండు ఖాళీగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

మొదటి రౌండులో కాన్2, కాన్3 ప్రైమర్లతో (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వీపీ4 జన్యువులోంచి 876 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవున్న ముక్క రావాలి. అందులోంచి ఒక్క మైక్రోలీటరు తీసుకుని రెండో రౌండు వేస్తాం. ఈసారి ఒక పక్క కాన్3, రెండో పక్క రకానికొకటి చొప్పున ప్రైమర్లు. వచ్చే ముక్క పొడవే రకం పేరు: పీ[8]కి 345, పీ[4]కి 483, పీ[6]కి 267, పీ[9]కి 391. ముక్కల్ని పొడవు ప్రకారం విడదీయడానికి 100 మి.లీ. బఫర్‌లో 2 గ్రాముల అగరోజ్ పోసిన జెల్ చాలు, పక్కనే 100 బేసుల లాడర్ (పొడవు తెలిసిన ముక్కల కొలబద్ద) ఉండాలి.

అసలు చిక్కు 345, 391 దగ్గర. తేడా 46 బేసులే. తొందరపడి జెల్‌ని సగంలో ఆపితే రెండూ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. లాడర్‌లో 300, 400 గీతల మధ్య స్పష్టమైన ఖాళీ కనిపించేదాకా నడపండి. తెలిసిన పీ[8] నమూనాని ప్రతి జెల్‌లోనూ ఒక గాడిలో పోయండి. కంటి అంచనా కన్నా పక్క గాడితో పోల్చుకోవడం నయం.

876 కూడా రాకపోతే నమూనాని అనుమానించండి. పాత చీర గుడ్డలో పీల్చుకుపోయిన నీళ్ల విరేచనాన్ని పిండి తెచ్చారా? అందుకే పిల్ల కింద ప్లాస్టిక్ షీటు పరవమని రెండో పాఠంలో అంత గట్టిగా చెప్పాం. బస్సులో బరంపురం చేరేలోపు ఐసుప్యాక్ కరిగిందా? కరెంటు పోయి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నమూనా కరిగి, మళ్లీ గడ్డకట్టిందా? ఇవేవీ కావంటే ఆర్‌ఎన్‌ఏని పదో వంతుకి పలచన చేసి మళ్లీ వేయండి. మలంలో ఎంజైమ్‌కి అడ్డం పడే పదార్థాలు ఉంటాయి, పలచన చేస్తే వాటి జోరు తగ్గుతుంది.

876 వచ్చి రెండో రౌండులో ఏమీ రాకపోతే, అది కొత్త వైరస్ అని ఊరంతా చెప్పకండి. ప్రైమర్ అతుక్కునే చోట ఒకటి రెండు బేసులు మారినా ఇలాగే అవుతుంది. పీ[8]లోనే కొన్ని వైరస్‌లకి పాత ప్రైమర్ సరిగ్గా అతుక్కోదు. ఆ 876 ముక్కని సీక్వెన్సింగ్‌కి (బేసుల వరస చదవడానికి) పంపాలి. అప్పటిదాకా రిజిస్టరులో ‘పీ రకం తేలలేదు’ అనే రాయండి.

పంపేముందు పిల్లల టీకా కార్డు చూడండి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ రోటా టీకా 2016లోనే మొదలైంది. రోటావాక్ 6, 10, 14 వారాలకు ఐదేసి చుక్కలు వేస్తారు. అందులోని వైరస్ జీ9పీ[11]. మామూలు ప్రైమర్ల కూర్పులో పీ[11] ప్రైమర్ ఉండకపోవచ్చు. టీకా వేసిన కొద్ది రోజులకి తీసిన నమూనా అయితే టీకా వైరస్సే బయటికి వస్తుండవచ్చు. సరిహద్దు ఊళ్లలో కార్డు పాతపట్నంలో, పిల్ల పర్లాకిమిడి ఆసుపత్రిలో ఉండటం మామూలే. తల్లిని అడిగి, ఆఖరి డోసు తేదీ రాసుకోండి. ఒడియా మాట్లాడే అమ్మని ‘ఝాడా బాంతి’ ఎప్పటినుంచి అని అడిగితే విరేచనాలు, వాంతులు మొదలైన రోజూ తేలుతుంది.

ఒకే గాడిలో 345, 483 రెండూ వస్తే రెండు రకాలు కలిసి సోకి ఉండొచ్చు, లేదా పక్క ట్యూబు నుంచి చింది ఉండొచ్చు. నెగెటివ్ కంట్రోల్ (నమూనా వేయని ట్యూబు) ఖాళీగా ఉన్నా సరే, అసలు నమూనా నుంచి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తీసి వేయాలి. ఇది నిజమని తేలి, జీలోనూ రెండు వస్తే ఏ జీ ఏ పీతో జతో పీసీఆర్ చెప్పలేదు. ఊహించి జత కట్టకండి.

తల్లిదండ్రులు ‘ఏ రకం, మందు మారుతుందా?’ అని అడుగుతారు. మారదు. ఏ రకమైనా ఓఆర్‌ఎస్, 14 రోజుల జింక్, తల్లిపాలు.

అభ్యాసం. నాలుగు నమూనాలు, రిజిస్టరులో ఏం రాస్తారు, తర్వాత ఏం చేస్తారు?

అ: 876 ఉంది, రెండో రౌండులో 345.
ఆ: 876 ఉంది, రెండో రౌండు ఖాళీ. బిడ్డకు 10 వారాలు, నాలుగు రోజుల క్రితం టీకా చుక్కలు.
ఇ: 345, 483 రెండూ. నెగెటివ్ కంట్రోల్ ఖాళీ.
ఈ: 483. నెగెటివ్ కంట్రోల్‌లోనూ 483.

జవాబులు 4వ పాఠంలో, జీ రకం మొదలుపెట్టేముందు.