రేకుల షెడ్డు వేస్తున్నారా? ముందు ఆ వైరు సంగతి చూడండి

పోయిన వారం మా కాలనీలో ఒక ఇంట్లో జరిగింది. పాలు పొంగించి ఇంకా నెల కాలేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండిపోయి గలగలలాడుతున్నాయి. సాయంత్రం గాలివాన వచ్చి వెలిసింది. తడిసిన బట్టలు తీద్దామని ఆ ఇంటామె పెరట్లోకి వెళ్ళి దండెం మీద చెయ్యి వేసింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కోడలు కేక వేస్తే పక్కింటాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ దించాడు కాబట్టి బతికింది. అరచెయ్యి కాలింది. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవడం లేదు.

కడప చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళుగా వైరింగ్ పని చేస్తున్నాను. నన్ను పిలిచారు. అందరినీ దూరంగా నిలబెట్టి, మెయిన్ మళ్ళీ వేయించి టెస్టర్ పెట్టాను. షెడ్డు స్తంభానికి పెడితే వెలిగింది. తలుపు గడియకు పెడితే వెలిగింది. స్తంభానికి కట్టిన దండెం ఇనుప తీగకు పెడితే వెలిగింది. మెయిన్ దించి, నిచ్చెనెక్కి చూశాను. షెడ్డులో బల్బు కోసం ఇంట్లో నుంచి లాగిన రెండు పోగుల వైరు, రేకు అంచు మీదుగా లోపలికి పోతోంది. గాలికి ఎగరకుండా బైండింగ్ వైరుతో పైపుకు కట్టేశారు. ఊగి ఊగి, రేకు అంచు ఆ వైరును కత్తిలా కోసింది. గోరంత రాగి బయటపడి తళతళలాడుతోంది. పక్కనే రేకు మీద నల్లటి మచ్చ.

"రెండు మూడుసార్లు తలుపు పట్టుకుంటే జిల్లుమంది అన్నా, ఏదోలే అనుకున్నాం" అన్నాడు వాళ్ళబ్బాయి.

ఆ మాట విని నాకు కాళ్ళు వణికాయి. ఇన్నేళ్ళలో మూడు ఇళ్ళలో మనుషులు పోవడం చూశాను. మూడు చోట్లా ఇదే: రేకుల మీద ఆనించిన వైరు, ఎర్త్ లేని షెడ్డు. ఇప్పుడు ముహూర్తాలు నడుస్తున్నాయి, అందరూ కొత్త ఇళ్ళలోకి దిగుతున్నారు. ముంగారు వానలు రాకముందే పెరట్లో ఒక షెడ్డు వేసేద్దామని తొందర పడుతున్నారు. హెల్మెట్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది మాత్రం చెప్పి తీరాలి.

షెడ్డుకు కరెంటు

రేకుల మీద వైరు ఆనకూడదు. పైపుకు చుట్టకూడదు. రేకుకు చిల్లు చేసి అందులోంచి ఊరికే దూర్చకూడదు.

ఇంటి నుంచి షెడ్డుకు నేల కిందుగా తీసుకెళ్ళండి. రెండడుగుల లోతు కాలువ తవ్వి, పీవీసీ పైపులో మూడు కోర్ల కేబుల్ వేసి, మీద ఇసుక పోసి, ఆపైన ఇల్లు కట్టగా మిగిలిన బండ ముక్కలు పరిచి పూడ్చండి. రేపు ఎవరైనా మొక్క నాటడానికి తవ్వినా పార బండకు తగులుతుంది, కేబుల్‌కు తగలదు. షెడ్డులోకి వచ్చే చోట, రేకు అంచు వైరును కోయకుండా రబ్బరు బుష్ పెట్టండి. అది పది రూపాయల వస్తువు. అది లేకనే ఆమె చెయ్యి పోయినంత పనైంది.

మూడో వైరు, అంటే ఎర్త్ వైరు మాట ఎత్తితే చాలు, "ఒక్క బల్బుకు అంత ఎందుకబ్బా, రెండు లాగెయ్" అంటారు. ఆ ఆకుపచ్చ వైరు బల్బు కోసం కాదు, మీ కోసం. ఎక్కడైనా ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, రేకుకు తగిలితే ఆ కరెంటు మనిషి ఒంట్లో నుంచి కాకుండా ఎర్త్ గుండా నేలలోకి పోవాలి. అందుకే ఆకుపచ్చ వైరును బల్బు దగ్గర వదిలేస్తే సరిపోదు. షెడ్డు పైపు మీద పెయింటు గీకి, లగ్గు పెట్టి, నట్టు బోల్టుతో బిగించాలి. దాని రెండో కొస ఎర్త్ గుంతకు పోవాలి. కొందరు కరెంటు తిరిగి వెళ్ళే వైరు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ తలుపు నుంచి మోటారు బాడీ దాకా అన్నింటికీ కరెంటు వస్తుంది. అలా కలిపిన మనిషిని మళ్ళీ మీ గడప తొక్కనివ్వకండి.

ఎర్త్ గుంత ఉంటే సరిపోదు, అది తడిగా ఉండాలి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, మీద బండ వేసి మరిచిపోతారు. మన సీమ ఎండలకు నేల ఇటుకలా ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును సరిగా లాక్కోదు. ఎండాకాలమంతా వారానికి ఒక బిందె నీళ్ళు ఆ గుంతలో పోయండి. తులసికోటకు పోసే చేత్తోనే దీనికీ పోయండి.

"ఎంసీబీ ఉంది కదన్నా" అంటారు. ఎంసీబీ వైర్లు కాలకుండా చూస్తుంది, మనిషిని చూడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు 16 దాటితే గానీ పడదు. మనిషి గుండె గతి తప్పడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు, 0.1 ఆంపియర్ చాలు. కావలసింది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని అది కనిపెడుతూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపు పడిపోతుంది. కొనేటప్పుడు 30 మిల్లీఆంపియర్లదేనా అని చూడండి, 100ది, 300ది కూడా అమ్ముతారు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కండి. నొక్కితే పడకపోతే ఆ రోజే మార్పించండి.

పైపులు, పైన తీగలు

షెడ్డుకు తెచ్చే స్క్వేర్ పైపు పొడవు 20 అడుగులు, అంటే సుమారు 6 మీటర్లు. వీధి వెంట పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నిబంధన. ఇక మీరే లెక్క వేసుకోండి. ఆటోలోంచి దించిన పైపును నిటారుగా నిలబెడితే తీగ తగిలే ఎత్తుకు పోతుంది. పైగా ఆ తీగల మీద తొడుగు ఉండదు. పైపును ఎప్పుడూ అడ్డంగా, ఇద్దరు చెరో కొస పట్టుకుని మోయాలి. నిలబెట్టాల్సిన ముక్కల్ని నేల మీదే కోసుకోండి.

మీ స్థలం పక్కనే 11 కేవీ తీగ పోతుంటే, కట్టడానికీ తీగకూ అడ్డంగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఎడం ఉండాలి. అనుమానం ఉంటే 1912కు ఫోన్ చేయండి. పని ఉన్న రోజు లైన్‌మన్‌తో మాట్లాడి సప్లై ఆపించుకోండి.

వెల్డింగ్ చేసే వాళ్ళు మీటరు ముందున్న సర్వీసు వైరుకు కొక్కేలు తగిలిస్తారు. ఒప్పుకోకండి. అక్కడ మీ ఆర్‌సీసీబీ ఉండదు.

రేకులు, గాలి

వైశాఖంలో వచ్చే గాలి రేకును పైనుంచి నొక్కదు, కిందినుంచి లేపుతుంది. అందుకే రేకుల మీద రాళ్ళు పెడితే లాభం లేదు. గాలికి రేకు లేస్తే ముందు ఆ రాయే జారి కింద ఉన్న వాళ్ళ తల మీద పడుతుంది. ప్రతి అడ్డపైపు దగ్గరా జె బోల్టు గానీ స్క్రూ గానీ పడాలి, చివరి వరసల్లో ఇంకా దగ్గర దగ్గరగా. స్తంభాలు నల్లరేగడిలో అయితే ఇంకా లోతుకు దిగాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నేల ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బుతుంది. అడుగు లోతు గుంతలో పాతిన స్తంభం రెండేళ్ళలో ఒరిగిపోతుంది. స్తంభం ఒరిగితే రేకు కదులుతుంది. రేకు కదిలితే దాని మీద ఉన్న వైరు కోసుకుపోతుంది. మళ్ళీ అక్కడికే వచ్చాం.

సిమెంటు రేకుల్ని మిషన్‌తో కోయించకండి. వాటిలో చాలావరకు రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. ఒకప్పుడు మన పులివెందుల దగ్గర గనుల్లోంచి తీసిన రాయే అది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తప్పనిసరైతే నీళ్ళు పోస్తూ చేతిరంపంతో కోయాలి.

ఇక మిగతావి. వరసగా చెప్పేస్తాను, ఒక్కటీ వదలకండి.

సిమెంటు రేకు మధ్యలో కాలు పెట్టకండి. బోల్టుల వరస మీదే నడవండి.

కడప బండల్ని గోడకు నిలువుగా ఆనించి పెట్టకండి. ఒక్కటి జారితే అన్నీ వచ్చి పడతాయి. కాలిబలం చాలని పసివాళ్ళు వాటినే పట్టుకుని లేవాలని చూస్తారు. పడుకోబెట్టండి.

కొత్త గోడకు మేకు కొట్టేముందు స్విచ్ బోర్డు ఎక్కడుందో చూడండి. దానికి తిన్నగా పైన, తిన్నగా పక్కన డ్రిల్ పెట్టకండి, వైర్లు పోయేది ఆ దారినే. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోండి.

కొత్త సంపులోకి దిగకండి. సెంట్రింగ్ చెక్కలు తీయడానికైనా సరే. నెలల తరబడి మూసి ఉన్న సంపులో చెక్క కుళ్ళి గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. వాసన రాదు, దిగిన వాడు కళ్ళు తిరిగి పడిపోతాడు. వాణ్ణి తీయడానికి దిగిన రెండో వాడూ పోతాడు. మూతలన్నీ తెరిచి, బ్లోయర్‌తో గాలి ఊదించి, నడుముకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరు ఉంటేనే దింపండి.

టైల్స్ కడిగే యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అసలే వద్దు.

ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న షెడ్డులో పెట్రోలు క్యాన్, థిన్నర్ డబ్బా ఉంచకండి. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడేలా పైన కిటికీ వదలండి.

బోరు స్టార్టర్ ఇనుప డబ్బాకు ఎర్త్ ఉందా? తడి కాళ్ళతో, తడి చేత్తో ముట్టకండి.

కట్టెలు, ఇటుకలు షెడ్డు గోడకు ఆనించి పేర్చకండి. తేళ్ళు, కట్లపాములు చేరతాయి. కరిస్తే కట్టు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

గృహప్రవేశానికి సీరియల్ లైట్లు ఇనుప పందిరికి చుట్టకండి. షెడ్డు స్తంభానికి చుట్టకండి. అదీ రేకు మీద వైరే.

దండెం ఇనుప తీగతో కట్టకండి. నైలాన్ తాడు కట్టండి. దాన్ని కూడా షెడ్డుకు కట్టకండి.

ఎక్కడ ముట్టుకున్నా జిల్లుమందంటే మళ్ళీ ముట్టి చూడకండి. మెయిన్ దించండి. రేపు చూద్దామనుకోకండి.

ఎవరైనా పట్టుకుని ఉండిపోతే వాళ్ళను ముట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. అది అందకపోతే ఎండిన కట్టెతో విడిపించండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్య రెండు చేతులూ పెట్టి నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

రేకుల మీద వైరు ఉంటే ఈ రోజే తీసెయ్యండి. బల్బు లేకపోతే టార్చి వేసుకోండి.

ఆమెకు అలా జరిగిన మర్నాడు ఆ వీధిలో పెరడు ఉన్న ఇళ్ళన్నీ తిరిగాను. మూడు షెడ్ల మీద ఇదే వైరు. రెండింటికి తీసేశాను, డబ్బులు అడగలేదు. మూడోది తాళం వేసి ఉంది, వాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నారట. పచ్చ గేటు ఇల్లు, గేటు పక్కన వేపచెట్టు. మా కాలనీ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి వాళ్ళకు చెప్పండి. వచ్చాక మెయిన్ వేయొద్దు, ముందు నాకు కబురు పెట్టమనండి.