అడగడం నేర్చుకుందాం – 4వ పాఠం: సీల్ మీద ప్రేమ ఎన్ని అడుగులు?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. అమెరికాకు చెందిన హవాయీ దీవుల్లో బీచ్‌ల దగ్గర వ్యాపారం చేసేవాళ్లకు మాంక్ సీల్ అనే సముద్ర జంతువు రక్షణ మీద ఎలాంటి అభిప్రాయం ఉందో తెలుసుకోవడానికి ఒకే ఒక్క ప్రశ్న రాయమన్నాను. మీ కాగితం తీసి చూసుకోండి. "అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న సీల్స్‌ను కాపాడాలని మీరు భావిస్తున్నారా?" ఇంచుమించు ఇలాగే ఉందా? అయితే కొట్టేయండి.

ఏమీ అనుకోవద్దు, నేను మొదట్లో రాసినవన్నీ ఇలాంటివే. ఒకసారి వేరే విషయం మీద నలభై మందిని ఇలాగే అడిగి, నలభై మంది చేతా "అవును" అనిపించుకుని, పెద్ద సర్వే చేశానని సంబరపడ్డాను. ఆ కాగితాలు తిరగేసిన పెద్దాయన ఒక్కటే మాట అన్నారు: "కాదని చెప్పడానికి వీళ్లకు చోటెక్కడ ఇచ్చావు?" ఇవాళ్టి పాఠం ఆ చోటు గురించే.

ముందు సీల్ సంగతి

విషయం తెలియకుండా ప్రశ్న రాయకూడదని రెండో పాఠంలో చెప్పుకున్నాం. కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మాంక్ సీల్స్ మూడు రకాలు ఉండేవి. కరీబియన్ రకం చివరిసారి నిర్ధారణగా కనిపించింది 1952లో. అది అంతరించిపోయిందని 2008లో అధికారికంగా ప్రకటించారు. మధ్యధరా రకం గ్రీస్, టర్కీ తీరాల్లోనూ ఇంకో రెండు మూడు చోట్లా మిగిలింది. మూడోది హవాయీ రకం. ఈలియో-హోలో-ఇ-కా-ఉఆఉఆ అని హవాయీ భాషలో దాని పేరు, అంటే పోటెత్తిన నీళ్లలో పరిగెత్తే కుక్క. ఈ హవాయీ రకం సీల్స్ మొత్తం 1,600 దాకా ఉంటాయని అంచనా. వాటిలో 400 దాకా మాత్రమే జనం ఉండే పెద్ద దీవుల చుట్టూ తిరుగుతాయి. హోటళ్లు, గొడుగులు, సర్ఫ్ బోర్డులు ఉన్నది కూడా ఆ దీవుల్లోనే. మన పాఠానికి కావలసిన చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ సీల్ ఒడ్డుకొచ్చి ఇసుక మీద గంటల తరబడి పడుకుంటుంది. జబ్బు చేసి కాదు, దారి తప్పీ కాదు, విశ్రాంతి కోసం. తెలియని టూరిస్టు పాపం దాన్ని నీళ్లలోకి తోద్దామని చూస్తాడు. దానికి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలనీ, పిల్లతో ఉన్న తల్లికైతే 150 అడుగుల దూరం పాటించాలనీ అధికారులు చెబుతారు. తల్లి 5 నుంచి 7 వారాలు పిల్లకు పాలు ఇస్తుంది. ఇప్పుడు వ్యాపారి కళ్లతో లెక్క వేయండి. తల్లికి అటు 150, ఇటు 150, మొత్తం 300 అడుగుల బీచ్ నెలన్నర పాటు తాడు వెనక్కి పోతుంది. ఆ 300 అడుగుల్లోనే మీ కుర్చీలు ఉన్నాయనుకోండి!

ఇది ఊహ కాదు. 2017లో, టూరిస్టులతో కిటకిటలాడే వైకీకీ తీరం చివరన ఉండే కైమానా బీచ్‌లో, రాకీ అని అందరూ పిలిచే ఆడ సీల్ ఈతకొచ్చిన జనం మధ్యే పిల్లను కన్నది. ఆ పిల్ల పక్కనే మూతపడి ఉన్న పాత ఈతకొలనులోకి దూరితే బయటికి తేవడానికి నానా తంటాలు పడ్డారు. 2022లో రాకీ మళ్లీ అదే బీచ్‌లో ఇంకో పిల్లను కన్నది. ఆ జూలైలో నీళ్లలో ఈదుతున్న ఒకామె మీద పడి గాయపరిచింది. తల్లి కదా, దాని దృష్టిలో తప్పేమీ లేదు.

మాట వేరు, చేత వేరు

1930ల మొదట్లో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనీస్ జంటతో కలిసి కారులో అమెరికా అంతా తిరిగాడు. అక్కడ చైనీయుల మీద చిన్నచూపు బాగా ఉన్న రోజులవి. హోటళ్లు, భోజనశాలలు అన్నీ కలిపి 251 చోట్ల ఆగితే, పొమ్మన్నది ఒక్కచోటే. ఆర్నెల్లు ఆగి ఆ చోట్లకే ఉత్తరాలు రాశాడు, చైనీయులను అతిథులుగా తీసుకుంటారా అని. 128 చోట్ల నుంచి జవాబులొచ్చాయి. నూటికి తొంభైకి పైగా "తీసుకోం" అన్నవే. 1934లో ఇది అచ్చయింది.

ఉత్తరంలో ఒకటి రాసి, గుమ్మం దగ్గర ఇంకోటి చేసిన వాళ్లంతా ఎవరో గమనించారా? హోటలు యజమానులు. మన వాళ్లే. అక్కడ మాట చెడ్డది, చేత మంచిది. సీల్స్ విషయంలో ఎక్కువగా తిరగబడి ఉంటుందని నా అనుమానం: మాట తీయగా ఉంటుంది, చేత సమయాన్ని బట్టి ఉంటుంది. ఏది ఎటైనా, కాగితం మీది "అవును" ఒక్కదాన్నే నమ్ముకుంటే మునిగిపోతాం.

ప్రశ్నను విప్పి కుడదాం

కొట్టేసిన ప్రశ్నను మళ్లీ తీసుకోండి. మెట్టు మెట్టుగా మారుద్దాం.

మొదటి ప్రయత్నం: "సీల్స్‌ను కాపాడాలి, అందుకోసం బీచ్ మూసినా పర్వాలేదు. ఒప్పుకుంటారా?" కొంచెం నయం, ఖర్చు అన్నది లోపలికొచ్చింది. కానీ ఇందులో ప్రశ్నలు రెండు. సీల్ ఉండాలి, బీచ్ మాత్రం మూయొద్దు అనుకునే మనిషి ఎక్కడ టిక్ పెట్టాలి?

రెండో ప్రయత్నం: "సీల్ వచ్చినప్పుడు బీచ్‌లో కొంత భాగం మూసేయడానికి ఒప్పుకుంటారా?" ఇప్పుడు ఒక్కటే ప్రశ్న. అయితే "కొంత భాగం" అంటే ఆయనకు పది అడుగులు, మీకు వంద.

మూడోది: "మీ కుర్చీల ముందు సీల్ పడుకుంది. 50 అడుగుల దూరంలో తాడు కట్టారు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే ఆ పూట మీరేం చేస్తారు?"

ఇప్పుడు పనికొస్తుంది. అడుగులున్నాయి, గంటలున్నాయి, ఆయన కుర్చీలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో "అవును" అనే జవాబుకు వీలే లేదు. నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పాల్సిందే.

ఇంకో మెట్టుంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. "ఏం చేస్తారు" బదులు "పోయినసారి ఏం చేశారు". రాబోయే రోజు గురించి అందరూ మంచివాళ్లే. గడిచిపోయిన రోజు గురించి అబద్ధం ఆడాలంటే కొంత శ్రమ పడాలి.

ఒక సంభాషణ, దగ్గర నుంచి

ఇది సాధన కోసం నేను అల్లింది, నిజంగా జరిగిన ఇంటర్వ్యూ కాదు. కుర్చీలు, గొడుగులు అద్దెకిచ్చే మనిషితో మాట్లాడుతున్నాం.

– పోయినసారి సీల్ మీ వైపు ఎప్పుడొచ్చింది?

– రెండు వారాలైంది. పొద్దున్నే వచ్చి పడుకుంది.

– మీరు చూశాక ఏం చేశారు?

– ఏముంది, వాలంటీర్లకు ఫోన్ చేశాం. వాళ్లొచ్చి తాడు కట్టారు.

– వాళ్లొచ్చే లోపల?

– ... ముందు వరసలో కుర్చీలు అప్పటికే ఇచ్చేశాం. డబ్బు తీసుకున్నాక లేవమని ఎలా అంటాం?

– తర్వాత?

– తాడు కట్టాక వాళ్లే లేచారు. ఇద్దరికి డబ్బు వెనక్కిచ్చాం.

ఆ మూడు చుక్కలు చూశారా? అక్కడ ఆయన కాసేపు ఆగాడు. మీ నోట్‌బుక్‌లో ఆ ఆగడాన్ని కూడా రాసుకోవాలి. అక్కడే కొత్తవాళ్లు తొందరపడి "అంటే సీల్ వల్ల మీకు నష్టమన్నమాట!" అని అందిస్తారు. ఆయన తలూపుతాడు. మీరు "వ్యతిరేకం" అని రాసుకుంటారు. కొంప మునిగినట్టే.

నిజానికి ఆయన సీల్‌ను ఒక్క మాటైనా అన్నాడా? ఫోన్ చేసింది ఆయనే. ఆయన ఇబ్బందల్లా డబ్బు ఇచ్చి కూర్చున్న మనిషిని లేపడం. కాబట్టి అడగాల్సిన తర్వాతి ప్రశ్న: "ఆ వెనక్కిచ్చిన డబ్బు ఎవరి జేబులోంచి పోయింది?" యజమాని భరిస్తే ఒక కథ, అక్కడ పనిచేసే కుర్రాడి రోజు కూలిలో కోస్తే ఇంకో కథ. వైఖరి అనేది మనిషి గుండెలో మాత్రమే ఉండదు, రసీదు పుస్తకంలో కూడా ఉంటుంది.

ప్రేమించేవాళ్లతోనే జాగ్రత్త

"వ్యాపారులు" అని ఒకే మూటగా కట్టొద్దు. కుర్చీలవాడికి సీల్ అడ్డం. పక్కనున్న హోటలు రిసెప్షన్‌లో అమ్మాయికి అది కబురు. "బీచ్ అటు మూసేశారు, సారీ" అంటుందా, "మీరు అదృష్టవంతులు, ఇవాళ సీల్ వచ్చింది" అంటుందా? మీరు అతిథిలా పక్కన కూర్చుని వింటే చాలు, ప్రశ్నావళితో పని లేదు.

ఇక పడవ తిప్పేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు. వీళ్లకు సీల్ అంటే నిజంగానే ప్రాణం, ఎందుకంటే టికెట్ దాని మీదే అమ్ముడుపోతుంది. "ఇష్టమా" అని అడిగితే 5కి 5 వేస్తారు. కానీ ఆ ఇష్టమే మనుషుల్ని 50 అడుగుల లోపలికి లాక్కెళ్తుంది. సీల్‌ను పట్టించుకోని సర్ఫ్ బోర్డులవాడు దానికి వంద అడుగులు వదిలేస్తాడు, దాన్ని ప్రేమించే ఫోటోగ్రాఫర్ ఇరవై అడుగుల్లో మోకాళ్ల మీద కూర్చుంటాడు. సీల్‌ను అడిగితే ఎవరి వైఖరి మంచిదంటుంది?

అందుకే "అనుకూలం–వ్యతిరేకం" అనే ఒక్క గీత మీద అందరినీ నిలబెట్టకండి. ఇష్టానికి ఒక గీత, దూరానికి ఒక గీత, డబ్బుకు ఇంకో గీత గీయండి.

చట్టం నీడలో ప్రశ్నలు

2009లో కవాయీ దీవిలో కడుపుతో ఉన్న సీల్‌ను ఒకతను కాల్చి చంపాడు. మర్నాటి ఏడాది హవాయీ రాష్ట్రం చట్టం గట్టిగా బిగించింది: మాంక్ సీల్‌ను వేధించినా చంపినా 5 ఏళ్ల దాకా జైలు, 50,000 డాలర్ల దాకా జరిమానా. ఇంత కఠినమైన చట్టం ఉన్నచోట "మీరెప్పుడైనా సీల్‌ను అదిలించారా?" అని అడగడమంటే నేరం ఒప్పుకోమనడమే. ఎవరు చెబుతారు?

పక్కదారి పట్టండి. "ఈ బీచ్‌లో సీల్‌ను లేపడానికి జనం ఏమేం చేయడం మీరు చూశారు?" తన గురించి చెప్పలేని మనిషి పక్కవాడి గురించి ధారాళంగా చెబుతాడు, అందులో తన వాటా కూడా కలిపేస్తాడు. పేర్లు రాసుకోనని ముందే చెప్పండి, చెప్పాక నిజంగానే రాయకండి.

ఇంకో ఇబ్బందికరమైన జవాబు మీకు ఎదురుకావచ్చు: "ఇవి ఇక్కడివి కావండీ, గవర్నమెంటే తెచ్చి వదిలింది." నవ్వొద్దు, వాదించొద్దు. 1994లో, జనం ఉండని దూరపు లైసాన్ దీవిలో మగవి ఎక్కువై ఆడ సీల్స్‌ను గాయపరుస్తుంటే, 21 మగ సీల్స్‌ను నిజంగానే పెద్ద దీవుల దగ్గరికి తెచ్చి వదిలారు. వాటిలో ఆడది ఒక్కటీ లేదు, కాబట్టి ఇవాళ అక్కడ పుడుతున్న పిల్లల తల్లుల లెక్క ఆ 21తో తేలదు. అయినా ఆ మాటకు ఒక వేరుంది. తప్పు దిద్దడం మీ పని కాదు. "ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు?" అని అడగండి. జవాబులో ఆ ఊళ్లో ఎవరి మాటను ఎవరు నమ్ముతారో బయటపడుతుంది.

ఐదు మెట్ల స్కేలు, క్లుప్తంగా

"పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఉండే స్కేలును రెన్సిస్ లికర్ట్ 1932లో పరిచయం చేశాడు. అందరూ లైకర్ట్ అంటారు గానీ ఆయన తన పేరును లికర్ట్ అనే పలికేవాడట. దీని గురించి ఆరో పాఠంలో వివరంగా ఉంటుంది. ఇప్పటికి ఒక్క జాగ్రత్త చాలు: వాక్యాలన్నీ ఒకే వైపు వంగి ఉండకూడదు. "తాడు కట్టడం సబబే" అని ఒకటి రాస్తే, కాస్త కింద "తాడు అవసరానికి మించి దూరంగా కడుతున్నారు" అని ఇంకోటి రాయండి. రెంటికీ "పూర్తిగా ఒప్పుకుంటాను" అన్న మనిషి తొందరలో టిక్కులు పెట్టి ఉండవచ్చు. లేదా రెండూ నిజమని మనస్ఫూర్తిగా అనుకుంటూ ఉండవచ్చు. ఫోన్ నంబరు తీసుకోలేదు కాబట్టి వెనక్కెళ్లి అడగలేరు. అందుకే ఆ రెండో వాక్యం పక్కన "ఎందుకు?" అని ఒక ఖాళీ గీత వదలండి.

ఈ వారం పని

ముగ్గురిని ఊహించుకోండి: కుర్చీల అద్దెవాడు, పడవ టూరు నడిపే ఆవిడ, హోటలు మేనేజరు. సీల్ పిల్ల పుట్టి వారమైంది, 150 అడుగుల తాడు కట్టారు, ఇంకా నెల రోజులు తీయరు. ఒక్కొక్కరికి రెండేసి ప్రశ్నలు రాయండి. ఒకటి జరిగిపోయిన దాని గురించి, ఒకటి డబ్బు గురించి. ప్రశ్నలో "కాపాడటం", "ముఖ్యం", "బాధ్యత" అనే మాటలు రాకూడదు. అవి కనిపించగానే అవతలి మనిషి చొక్కా సర్దుకుని కూర్చుంటాడు.

రాశాక ఆరు ప్రశ్నలకూ మీరే "అవును" అని జవాబు చెప్పి చూడండి. ఏ ప్రశ్నకు ఆ జవాబు అతికిందో దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి. ఐదో పాఠంలో ఈ ముగ్గురినీ ఏ వేళలో కలవాలో చూద్దాం. కుర్చీలవాడిని పొద్దున పదింటికి పలకరిస్తే ఏమవుతుందో ఈలోపు ఆలోచించి ఉంచండి.