షిఫ్టుకు ముందు పూర్తయ్యే చిన్న కోర్సు

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో సాల్వెంట్ (తేలిగ్గా మంటలంటుకునే ద్రవ రసాయనం) డ్రమ్ములు ఖాళీ చేసే కార్మికుల కోసం ఫోన్లో చూసే కోర్సు చేస్తున్నారనుకోండి. నిడివి 5 నుంచి 7 నిమిషాలు, కోర్సుకు ఒకే పని. ‘స్టాటిక్ విద్యుత్తుపై అవగాహన’ లక్ష్యం కాదు. ‘సాల్వెంట్ వంపేముందు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు తగిలించడం’ లక్ష్యం.

ముందు ప్రశ్నలు రాయండి, పాఠం ఆ తర్వాతే. మూడు నాలుగు చాలు, అన్నీ పనిలో ఎదురయ్యే సందర్భాలే కావాలి. క్లిప్పును పెయింటు మీద బిగించాలని ఎవరైనా జవాబిస్తే ‘తప్పు’ అని వదిలేయకండి. పెయింటు, తుప్పు అడ్డుపడితే ఛార్జి భూమిలోకి పోదని, నిప్పురవ్వ పుట్టొచ్చని అక్కడే ఫొటోతో చూపించండి. మనిషి నిజంగా నేర్చుకునేది ఆ చోటే.

స్క్రిప్టులో కార్మికుల మాటే ఉండాలి: ‘ఎర్తింగ్’ అనండి, ‘భూసంధానం’ వద్దు. సాల్వెంట్ ఉన్నచోటికి మామూలు ఫోను వెళ్లకూడదు కాబట్టి కోర్సు క్యాంటీన్లో చూస్తారు. అక్కడి గోలలో ఆడియో వినపడదు, సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

ఎల్‌ఎంఎస్‌లోకి (కోర్సులు నడిపి, ఎవరు ఎంత పూర్తి చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్) స్కార్మ్ 1.2గా (అందులో కోర్సులు ఎక్కించే ఒక ప్రామాణిక పద్ధతి) ఎక్కిస్తే ఒక చిక్కుంది. ఎక్కడ ఆపారో గుర్తుంచుకునే సమాచారానికి 4096 అక్షరాలే హద్దు. స్లైడ్లు, ప్రశ్నలు పెరిగి అది దాటితే కోర్సు మళ్లీ మొదటికి రావచ్చు. అప్పుడు రెండు కోర్సులుగా విడగొట్టండి. విడుదలకు ముందు ఐదుగురి సొంత ఫోన్లలో, మొబైల్ డేటా మీద నడిపించి, మధ్యలో ఆపి తెరిచి చూడండి.