ఊరూపేరూ తెలియని హారర్ కామెడీని పెద్ద తెర మీద చూడాలంటే ఎలా?

దెయ్యం సినిమా ఒంటరిగా చూసినా భయమేస్తుంది. ఆ మాటకొస్తే ఒంటరిగా చూస్తేనే ఎక్కువ భయమేస్తుంది. హారర్ కామెడీ సంగతి వేరు. తెర మీద జరిగేదానికి జడుసుకోవాలో నవ్వాలో తేల్చుకోలేక తికమకపడుతుంటే, వెనక వరసలో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. దాంతో హాలంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు ఆగేలోపే ఇంకో కేక. ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో చూస్తే ఇదేమీ ఉండదు, "ఏంటీ పిచ్చి సినిమా" అనుకుని ఇరవై నిమిషాలకే ఆపేస్తాం. అందుకే ఇక్కడ తెర ఎంత పెద్దదో చూసుకోవడం కన్నా ఎంతమంది కలిసి చూస్తున్నామన్నదే ముఖ్యం. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ఉదాహరణకి నాకు బాగా ఇష్టమైన సినిమానే తీసుకుంటాను. 1977లో జపాన్‌లో తోహో కంపెనీ విడుదల చేసిన 'హౌస్'. దర్శకుడు నొబుహికో ఒబయాషి అంతకుముందు టీవీ యాడ్లు తీసి పేరు తెచ్చుకున్నవాడు. చిన్నపిల్ల అయిన తన కూతురు చెప్పిన భయాల్లోంచి ఈ కథలో చాలా సంగతులు తీసుకున్నాడు. ఏడుగురు స్కూలమ్మాయిలు సెలవులకి ఒకమ్మాయి పెద్దమ్మ ఇంటికి వెళ్తారు, ఆ ఇల్లు వాళ్ళని ఒక్కొక్కరినే మింగుతుంది. పియానో ఒకమ్మాయిని తినేస్తుంది, మిగిలిన వేళ్ళు పియానో కీల మీద వాయిస్తూనే ఉంటాయి. అమెరికాలో 2009–10 ప్రాంతంలో జానస్ ఫిల్మ్స్ థియేటర్లలో తిప్పాక గానీ ఈ సినిమా జపాన్ బయట జనం నోళ్ళలో పడలేదు.

ముందు ఏ సినిమానో కచ్చితంగా రాసిపెట్టుకోండి

పేరొక్కటే సరిపోదు. 'హౌస్' అనే పేరుతో ఎనభైల్లో ఒక అమెరికన్ సినిమా కూడా వచ్చింది. అదీ హారర్ కామెడీయే, దానికి సీక్వెళ్ళు కూడా ఉన్నాయి. ఫోన్లో "హౌస్ కావాలి" అంటే అవతలివాళ్ళు అదే పంపిస్తారు. కాబట్టి సంవత్సరం, దేశం, దర్శకుడు, నిడివి (ఇది 88 నిమిషాలు), భాష, ఫ్రేమ్ రేషియో (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి), సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేదా అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికి మెయిల్ పెట్టినా ఇదే అతికించండి.

ఎవరికి చూపించొచ్చో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 'హౌస్' రంగులు, పిల్లి, పాటలు చూసి పిల్లల సినిమా అనుకుంటారు. కాదు. కాసింత నగ్నత్వం ఉంది, తలలు తెగడాలు బోలెడు. పెద్దవాళ్ళకే అని ముందే చెప్పండి, లేకపోతే ఎవరో ఒకరు ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చేస్తారు.

ఎవరైనా ఇప్పటికే వేస్తున్నారేమో చూడండి

సొంతంగా షో పెట్టడం పెద్ద పని. అంతకుముందు వెతకాల్సిన చోట్లు ఉన్నాయి.

మనకి దగ్గర్లో డిసెంబరులో తిరువనంతపురంలో జరిగే కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఉంది. 2022లో అక్కడి నిశాగంధి ఓపెన్ ఎయిర్ థియేటర్లో ఇండోనేషియా హారర్ సినిమా 'సేటన్స్ స్లేవ్స్ 2'ని అర్ధరాత్రి వేశారు. అలాంటి షోకి మించిన జనం ఇంకెక్కడా దొరకరు. నవంబరులో గోవాలో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) ఉంది. వీటికి డెలిగేట్ పాస్ ముందే తీసుకోవాలి. పాస్ ఉన్నా సీటు గ్యారంటీ కాదు, ఒక్కో షోకి విడిగా రిజర్వ్ చేసుకోవాల్సి రావచ్చు. షెడ్యూల్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే రైలు టికెట్లూ దొరకవు, పాసులూ దొరకవు.

హైదరాబాద్‌లో ఉంటే ఫిల్మ్ క్లబ్బులు, లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికలు, విదేశీ సాంస్కృతిక కేంద్రాలు వేసే షోల మీద ఒక కన్నేసి ఉంచండి. నిర్వాహకులతో పరిచయం పెంచుకోండి. వచ్చే నెల ఏం వేద్దామా అని వాళ్ళు కూడా వెతుక్కుంటూనే ఉంటారు. ఓపిగ్గా, వివరాలతో సహా అడిగేవాడంటే వాళ్ళకీ ఇష్టమే.

బయటి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. లండన్‌లో లీస్టర్ స్క్వేర్ పక్కనున్న ప్రిన్స్ చార్లెస్ సినిమా, లాస్ ఏంజెలెస్‌లో న్యూ బెవర్లీ, షికాగోలో మ్యూజిక్ బాక్స్ పాత సినిమాలకి పెట్టింది పేరు. అక్టోబరు వచ్చిందంటే హాలోవీన్ పేరు చెప్పి ఇలాంటివి తవ్వి తీస్తారు. ఆస్టిన్ వైపు ఉంటే సెప్టెంబరులో ఫెంటాస్టిక్ ఫెస్ట్, మాంట్రియల్ అయితే వేసవిలో ఫాంటేజియా. కొత్త హారర్ కామెడీలు ముందుగా మొహం చూపించేది చాలావరకు ఇలాంటి పండగల్లోనే.

పీవీఆర్ ఐనాక్స్ 2024 చివర్లో తెచ్చిన స్క్రీన్‌ఇట్ యాప్ కూడా ఉంది. సినిమా, హాలు, టైమ్ మనమే ఎంచుకుని షో పెట్టుకోవచ్చు. కానీ వాళ్ళ జాబితాలో ఉన్న సినిమాల్లోంచే ఎంచుకోవాలి. మనం వెతికే సినిమా అందులో ఉంటే అంతకన్నా ఏం కావాలి!

హక్కులు ఎవరివో పట్టుకోండి

ఎక్కడా దొరకలేదు, మనమే వేయాలి అనుకున్నారా? అయితే మొదటి మెయిల్ హాలుకి కాదు, హక్కుదారుకి వెళ్ళాలి. 'హౌస్' విషయంలో అది తోహో. ఇండియాలో ఒక్క షోకి అనుమతి కావాలి, హాల్లో ఇన్ని సీట్లు, టికెట్ పెడుతున్నాం లేదా పెట్టడం లేదు, ఫలానా తేదీ అని నాలుగు ముక్కల్లో రాయండి. సినిమా అంటే మీకెంత ప్రేమో రెండు పేజీలు రాయక్కర్లేదు. వాళ్ళు ఒక రేటు చెప్తారు. అది ఒక్క షోకి ఇంత అనో, కలెక్షన్లో వాటా అనో, రెంటిలో ఏది ఎక్కువైతే అది అనో ఉంటుంది. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. తేదీ ప్రకటించేశాక మెయిల్ పెట్టడం తలనొప్పి కొని తెచ్చుకోవడమే.

డిస్క్ కొన్నాం కదా, ఓటీటీలో డబ్బు కట్టాం కదా అని దాన్నే హాల్లో వేసేస్తే కుదరదు. అది ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చిన అనుమతి.

ఇంత గొడవ ఎందుకు అనుకుంటే ఒక అడ్డదారి ఉంది, అదీ న్యాయమైనదే. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్ళకి హక్కులు ముగుస్తాయి. రోజర్ కార్మన్ 1960లో తీసిన 'ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' అలాంటిదే, అమెరికాలో కూడా పబ్లిక్ డొమైన్‌లోనే ఉంది. మనుషుల్ని తినే మొక్క కథ. ముఖ్యమైన షూటింగంతా రెండు రోజుల్లో లాగించేశారని సినిమా చరిత్రలో చెప్పుకుంటారు. కుర్ర జాక్ నికల్సన్ పళ్ళ డాక్టర్ దగ్గరికి వచ్చి, నొప్పి పెట్టమని బతిమాలే పేషెంటుగా కనిపిస్తాడు. గంటా పన్నెండు నిమిషాల సినిమా. మొదటిసారి షో పెట్టేవాళ్ళు దీంతో మొదలుపెడితే ఖర్చంతా హాలు అద్దెతోనే సరి. రంగులేసిన వెర్షన్లు కూడా తిరుగుతున్నాయి, వాటి జోలికి పోకండి.

సెన్సార్ సంగతి కూడా ఉంది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పబ్లిక్ షోకి సీబీఎఫ్‌సీ సర్టిఫికెట్ ఉండాలి. హక్కులు ముగిసిన సినిమా అయినా సరే. ఫిలిం ఫెస్టివల్స్ దీనికి ప్రభుత్వం దగ్గర విడిగా మినహాయింపు తెచ్చుకుంటాయి. టికెట్ పెట్టి, పోస్టర్ వేసి, ఎవరైనా రావచ్చు అంటే అది పబ్లిక్ షో కిందే లెక్క. అందుకే రిజిస్టరైన ఫిల్మ్ సొసైటీ ద్వారా, వాళ్ళ సభ్యుల కోసం వేయించడమే మేలు. ఆ కాగితాలు ఎలా నడపాలో వాళ్ళకి అలవాటే.

హాలు మాట్లాడుకోవడం

ప్రివ్యూ థియేటర్ అయితే చిన్నది, సౌండ్ బావుంటుంది, మనుషులు తక్కువైనా బోసిగా అనిపించదు. హైదరాబాద్‌లో స్టూడియోల్లో, ల్యాబుల్లో ఇలాంటివి ఉన్నాయి. జిల్లాల్లో ఉంటే సింగిల్ స్క్రీనే దిక్కు. బుకింగ్ కౌంటర్ దగ్గర అడిగితే పని జరగదు, మేనేజర్ని కలవండి. కొత్త సినిమా ఏదీ లేని వారంలో, మంగళవారమో బుధవారమో మార్నింగ్ షో అడగండి. ఆ పూట హాలు ఎలాగూ ఖాళీయే కాబట్టి రేటు దిగుతుంది. సంక్రాంతి, దసరా రోజుల్లో అడిగితే నవ్వి పంపించేస్తారు. 2022 ఆగస్టులో 'పోకిరి' స్పెషల్ షోలతో రీరిలీజుల ఊపు మొదలయ్యాక, పాత సినిమాకి హాలు ఇవ్వడం మేనేజర్లకి వింతేమీ కాదు. కాకపోతే మీ సినిమాకి హీరో ఫ్యాన్స్ లేరు. కాబట్టి అద్దె మొత్తం ముందే కడతామని చెప్పండి.

ఇంటర్వెల్ గురించి ఇక్కడే తేల్చేసుకోవాలి. ఎవరూ అడగకపోయినా సరిగ్గా సగంలో లైట్లు వేసేయడం మన హాళ్ళలో అలవాటు. క్యాంటీన్ వాళ్ళకి అమ్మకం అప్పుడే కదా. 88 నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ అక్కర్లేదు, పైగా ఊపంతా పోతుంది. షోకి అరగంట ముందే జనం వచ్చేలా చేస్తామని క్యాంటీన్ వాళ్ళతో మాట్లాడుకోండి. పాప్‌కార్న్ అమ్ముడైతే వాళ్ళకి ఇంటర్వెల్‌తో పనేముంది?

ఆపరేటర్ రూమ్‌లో ఒక పూట

చాలామంది వదిలేసేది ఇదే. షో పాడయ్యేదీ ఇక్కడే.

హక్కుదారు డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజ్, అంటే హాళ్ళలో వేసే డిజిటల్ కాపీ) పంపితే అది హార్డ్‌డిస్క్‌లోనో డౌన్‌లోడ్‌గానో వస్తుంది. దానికి తాళం ఉంటే కేడీఎం అనే చిన్న ఫైల్ విడిగా వస్తుంది. ఆ తాళంచెవి ఒక్క హాల్లోని ఒక్క సర్వర్‌కే, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకే పనిచేస్తుంది. కాబట్టి హాలు సర్వర్ వివరాలు ముందే తీసి పంపాలి. టైమ్ కూడా మన టైమ్‌లోనే రాయండి. ఉదయం పదింటికి షో అని ఊరికే రాస్తే అక్కడివాళ్ళు గ్రీనిచ్ టైమ్ అనుకోవచ్చు, అప్పుడు తాళం మధ్యాహ్నం మూడున్నరకి గానీ తెరుచుకోదు. ముందురోజు టెస్ట్‌ని కూడా కలిపి రెండు రోజులకి అడగండి.

పబ్లిక్ డొమైన్ సినిమా ఫైల్ అయితే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే డీసీపీ చేసుకోవచ్చు. తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే జనం హాయిగా చూస్తారు. కాకపోతే అక్షరాలు తెర మీద ఎలా వస్తున్నాయో చూసుకోండి. ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే, దెయ్యం కన్నా ఆ అక్షరాలకే జనం ఎక్కువ నవ్వుతారు.

ఇక రేషియో. 'హౌస్' దాదాపు చతురస్రంగా ఉండే 1.33 ఫ్రేమ్‌లో తీసింది. మన హాళ్ళలో తెర సినిమాస్కోప్‌కి సరిపోయేలా వెడల్పుగా ఉంటుంది. పక్కల నల్లగా ఖాళీ ఉంటే జనం డబ్బు వాపసు అడుగుతారని ఆపరేటర్ భయం, అందుకని బొమ్మని సాగదీస్తాడు. లేకపోతే జూమ్ చేస్తాడు, అప్పుడు పైన తలలూ కింద సబ్‌టైటిల్సూ ఎగిరిపోతాయి. ఈ సినిమాలో ఒక సీన్ ఉంది. బావిలో చల్లబెట్టిన పుచ్చకాయ కోసం ఒకమ్మాయి తాడు లాగుతుంది, పైకి వచ్చేది పుచ్చకాయ కాదు, తోటి అమ్మాయి తల. అది గాల్లోకి లేచి వెనక నుంచి కొరుకుతుంది. ఫ్రేమ్ పైన కోసేస్తే ఆ తల ఎగిరే దారే కనబడదు, జోకు చచ్చిపోతుంది. ముందురోజు వెళ్ళినప్పుడు గుండ్రటి వస్తువేదైనా ఉన్న షాట్ వేయించి చూడండి. అది కోడిగుడ్డులా కనిపిస్తే సెట్టింగ్ తప్పు. సరైన సెట్టింగ్‌లో నిలువు 1080 పిక్సెళ్ళుంటే అడ్డం సుమారు 1440 ఉండాలి. ఆపరేటర్‌తో గొడవ పడకండి, టీ తాగుతూ చెప్తే చక్కగా చేస్తాడు. ఏ హాల్లోనైనా నిజమైన యజమాని ఆయనే.

సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనేది ప్రామాణిక లెవెల్. చాలా హాళ్ళు చెవులు అదిరిపోతాయని ఐదు దగ్గరే ఉంచుతాయి. ఖాళీ హాల్లో టెస్ట్ చేసినప్పుడు కాస్త గట్టిగా అనిపించినా ఫరవాలేదు, జనం నిండాక వాళ్ళ ఒళ్ళూ బట్టలే కొంత శబ్దాన్ని పీల్చేస్తాయి. పైగా నవ్వుల్లో డైలాగ్ వినబడాలి కదా.

జనాన్ని పోగేయడం

రెండొందల సీట్ల హాల్లో నలభైమంది వస్తే తలో మూలా కూర్చోనివ్వకండి. మధ్య వరసల్లో దగ్గర దగ్గరగా కూర్చోబెట్టండి, బాల్కనీ మూసేయండి. నవ్వు ఒకరి నుంచి ఇంకొకరికి పాకాలంటే భుజాలు తగలాలి.

పిలిచేటప్పుడు "జపాన్ కల్ట్ క్లాసిక్" అంటే సినిమా పిచ్చోళ్ళు తప్ప ఎవరూ రారు. 'ప్రేమకథా చిత్రమ్' (2013) నుంచి మనవాళ్ళకి దెయ్యంతో నవ్వడం బాగానే అలవాటు. "పిల్లి ఉంది, పియానో ఉంది, రెండూ మంచివి కావు" అని వాట్సాప్‌లో పెట్టి ఊరుకోండి. ట్రైలర్ పంపొద్దు, సినిమాలో మంచి ముక్కలన్నీ అందులోనే ఉంటాయి. షోకి ముందు ఉపన్యాసం కూడా వద్దు. ఒక్కటి మాత్రం చెప్పండి: ఇందులో ట్రిక్కులు కావాలనే అట్టముక్కల్లా, నాటుగా చేశారు, నవ్వొస్తే నవ్వేయండి. ఆ మాట వినకపోతే మర్యాద కోసం నవ్వు ఆపుకుని కూర్చునేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు.

షో అయ్యాక బయట నిలబడి వచ్చినవాళ్ళ నంబర్లు తీసుకోండి, మళ్ళీ పిలవడానికి. హక్కుదారుకి ఎంతమంది వచ్చారో, ఎంత వసూలైందో ఉన్నదున్నట్టు రాసి, వాళ్ళ హార్డ్‌డిస్క్ మర్నాడే కొరియర్ చేయండి. సర్వర్‌లో ఉన్న కాపీ కూడా తీసేయమని ఆపరేటర్‌కి చెప్పండి. లెక్క తేడా లేకుండా డిస్క్ తిరిగొస్తే, ఇంకో సినిమా అడిగినప్పుడు జవాబు త్వరగా వస్తుంది.