చిన్న చిన్న చిరాకులు వచ్చినప్పుడు యోగాతో ఎలా తట్టుకోవాలి?

పక్కనోళ్ళు స్పీకర్ పెట్టి వీడియోలు చూస్తుంటారు, మనం మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో అడ్డొస్తారు, అర్జెంట్ పనిలో ఉండగా నెట్ ఆగిపోతుంది. ఒక్కోటి చూస్తే చిన్నదే కానీ అన్నీ పోగై సాయంత్రానికి ఇంట్లోవాళ్ళ మీద అరిచేదాకా వస్తుంది. దీనికి యోగా నిజంగా పనికొస్తుంది, కాకపోతే చిరాకొచ్చాక మ్యాట్ పరవడం కాదు, మామూలు రోజుల్లో చేసిన ప్రాక్టీసే ఆ టైమ్‌కి అక్కరకొస్తుంది.

స్టెప్ 1: ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో చూడండి

కోపం నోట్లోకి రాకముందే ఒంట్లోకి వచ్చేస్తుంది. కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరికి భుజాలు పైకి లేస్తాయి, చాలామందికి శ్వాస పైపైనే ఆడుతుంది. రెండు మూడు రోజులు ఏమీ మార్చకుండా మీకు ఎక్కడ పట్టేస్తోందో గమనించండి.

స్టెప్ 2: ఆసనంలో కాస్త ఇబ్బందితో ఉండటం

నా దృష్టిలో అసలు పనంతా ఇక్కడే ఉంది. ఉత్కటాసనం వేయండి, అంటే కుర్చీలో కూర్చుంటున్నట్టు మోకాళ్ళు వంచి చేతులు పైకెత్తడం. ఐదారు శ్వాసలయ్యేసరికి తొడలు మండుతాయి, పళ్ళు బిగుస్తాయి, ఇంకెంతసేపురా బాబూ అని మనసు గొణగడం మొదలెడుతుంది, క్యూ కదలనప్పుడు లోపల జరిగేది కూడా సరిగ్గా ఇదే కదా. అప్పుడు దవడ వదులు చేసి, భుజాలు దించి, మెల్లగా శ్వాస వదిలి, ఇంకో రెండు శ్వాసలు అలాగే ఉండి అప్పుడు బయటికి రండి. విసుగు పుట్టి దిగిపోవడం కాకుండా మీరు అనుకుని దిగడం అలవాటవ్వాలి. కండరాల మంట అయితే ఫర్వాలేదు కానీ మోకాలిలోనో నడుములోనో పోటు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి, అది ఓర్చుకోవాల్సింది కాదు. యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలనే చెప్పాడు (2వ పాదం, అంటే 2వ అధ్యాయం, 46వ సూత్రం).

ఆసనాలు వేయలేనివాళ్ళు కదలకుండా కూర్చుని ముక్కు మీద దురద పుడితే వెంటనే గోక్కోకుండా కాసేపు చూడండి, అదీ ఇలాంటి ప్రాక్టీసే.

స్టెప్ 3: వదిలే శ్వాస పొడుగ్గా

4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి, రోజూ 5 నిమిషాలు. శ్వాస వదిలేటప్పుడు వేగస్ నాడి (మెదడు నుంచి గుండెకి వెళ్ళే ఒక నరం) ప్రభావం పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం మీదే దృష్టి పెట్టాలి. బిగబట్టక్కర్లేదు, తల తిరిగినట్టుంటే మామూలు శ్వాసకి వచ్చేయండి. కళ్ళు తెరిచి కూడా ప్రాక్టీస్ చేయండి ఎందుకంటే అవసరం పడేది నలుగురి మధ్యలోనే.

స్టెప్ 4: చిరాకొచ్చిన ఆ క్షణంలో

పాదాలు నేలకి ఆనినట్టు గమనించుకోండి, దవడ వదలండి, మూడు సార్లు పొడుగ్గా శ్వాస వదలండి, "చిరాకొస్తోంది" అని లోపల అనుకోండి. తర్వాత, నేను ఇక్కడ ఏమైనా చేయాలా అని చూసుకోండి. చేయాలనిపిస్తే "కొంచెం సౌండ్ తగ్గిస్తారా అండీ" అని అడిగేయండి. అన్నీ మింగేసి నవ్వుతూ కూర్చోమని యోగా చెప్పదు, లోపల దాచుకున్న కోపం ఇంకెక్కడో బయటపడుతుంది. అడిగినా లాభం లేదు అనిపించినప్పుడే వదిలేయండి.

మనుషుల వల్ల చిరాకైతే పతంజలి యోగసూత్రాల్లో 1వ పాదం 33వ సూత్రం నాకు చాలా ఇష్టం: సుఖంగా ఉన్నవాళ్ళతో స్నేహం, బాధలో ఉన్నవాళ్ళ మీద కరుణ, మంచి చేసేవాళ్ళని చూసి సంతోషం, చెడు చేసేవాళ్ళని పట్టించుకోకపోవడం. కసురుకున్న మనిషి ఏదైనా బాధలో ఉన్నాడేమో అన్న ఒక్క ఆలోచనకే కోపం సగం దిగుతుంది చాలాసార్లు.

స్టెప్ 5: సాయంత్రం

కాళ్ళు పైకెత్తి గోడకి ఆనించి 5 నుంచి 10 నిమిషాలు వెల్లకిలా పడుకోండి. ఎవరి మీదైనా అరిచి ఉంటే ముందు వెళ్ళి సారీ చెప్పి రండి, పడుకుని దాన్నే తలుచుకుంటుంటే ఒళ్ళు వదులవ్వదు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), హై బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా కాళ్ళు పైకి పెట్టొద్దు, దాని బదులు మామూలు శవాసనం వేసుకోండి.