ఆత్మీయ పోరాటం: తగ్గింపుతో మొదలుపెట్టి, విశ్వాసంతో నిలబడడం ఎలా?

శోధనను, అంటే పాపం వైపు లాగే ప్రేరేపణను, ఎదిరించాలనుకునే విశ్వాసులలో చాలామందికి యాకోబు పత్రిక 4:7లోని "అపవాదిని (సాతానును) ఎదిరించుడి" అనే మాట కంఠతా వస్తుంది గాని, దానికి ముందున్న "దేవునికి లోబడియుండుడి" అనే ఆజ్ఞ అంతగా గుర్తుండదు. పేతురు కూడా తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ముందు దేవుని చేతి క్రింద దీనమనస్కులై, అంటే తగ్గింపుతో, ఉండమని చెప్పి, ఆ తరువాతే విశ్వాసమందు స్థిరులై అపవాదిని ఎదిరించమన్నాడు. ఈ వరుస తప్పితే పోరాటం కేవలం మన పట్టుదల మీద ఆధారపడుతుంది. పట్టుదల ఎంతసేపు నిలుస్తుందో యేసును ఎరుగనని మూడుసార్లు బొంకాక కోడి కూసిన ఆ రాత్రి పేతురుకు బాగా తెలిసింది.

కాబట్టి ప్రార్థనలో మొదట మీ బలహీనతను ఉన్నదున్నట్టుగా చెప్పండి. "ప్రభువా, నాలోని లోపాలను క్షమించు" అని ముగించడం తేలిక. "తోటి విశ్వాసి పరిచర్యను సంఘమంతా మెచ్చుకుంటే ఓర్వలేకపోయాను, ఇంటికి వచ్చి అతని తప్పులు ఏకరువు పెట్టాను" అని చెప్పడానికి మాత్రం నోరు రాదు. అయినా అదే చెప్పండి. అయితే తనను తాను తిట్టుకుంటూ కూర్చోవడం తగ్గింపు కాదు, ఎందుకంటే అప్పుడు కూడా మన చూపు మన మీదే ఉంటుంది.

ఒప్పుకున్న తరువాత వాక్యాన్ని చేతపట్టుకోండి. మత్తయి 4వ అధ్యాయంలో యేసు మూడు శోధనలకూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. "నీవు దేవుని కుమారుడవైతే" అని అపవాది రెచ్చగొట్టినా, తానెవరో నిరూపించుకోవడానికి ఏ అద్భుతమూ చేయలేదు. తండ్రి మాట మీద నమ్మకం, తనను తాను హెచ్చించుకోని మనసు అక్కడ ఒక్కటిగానే కనిపిస్తాయి. మిమ్మల్ని తరచూ పడగొట్టే శోధనకు తగిన వచనాన్ని ముందుగానే నేర్చుకోండి. శోధన మీద పడ్డాక గ్రంథం వెదకడానికి మనసు సహకరించదు. విశ్వాసం చాలడం లేదనిపిస్తే, మార్కు 9:24లో రోగియైన కుమారుని తండ్రి చేసినట్టు, ఆ కొరతను కూడా ప్రభువుతోనే చెప్పి సహాయం అడగండి.

తీసివేయమని అడిగినది తీసివేయబడకపోవచ్చు. తన శరీరంలోని ముల్లు అని తాను పిలిచిన బాధ గురించి అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకొన్నా, అది తొలగిపోలేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. తాను అత్యధికంగా హెచ్చిపోకుండా ఉండడానికే అది ఇవ్వబడిందని పౌలే రాశాడు.

ఉపవాసం మేలు చేస్తుంది, ఇతరులకు చూపించుకోనంత వరకు.

పడిపోయినప్పుడు ఏం చేస్తారన్నదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. "ఇన్నేళ్ల విశ్వాసిని, నేనిలా చేయడమా!" అనే కుమిలిపాటు పశ్చాత్తాపంలా కనిపిస్తుంది గాని, అందులో గాయపడినది చాలాసార్లు మన గర్వమే. పేతురు బొంకకముందే అతని నమ్మిక తప్పిపోకుండా యేసు వేడుకొన్నాడని లూకా 22:32 చెబుతోంది. మీ పతనం ఆయనకు కొత్త వార్త కాదు కనుక, మనసు కుదుటపడేవరకు ఆగకుండా, పడిన రోజే తిరిగి ప్రార్థనకు రండి.

అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంటే, పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు 5:16 చెబుతోంది కనుక, నమ్మదగిన సంఘ కాపరితోనో పెద్దతోనో చెప్పి, మీ కొరకు ప్రార్థించమని అడగండి. ఎవరైనా మీ దగ్గరకే వచ్చి అలా ఒప్పుకుంటే, గలతీయులకు 6:1 ప్రకారం, మీరూ శోధింపబడగలవారేనని గుర్తుంచుకొని సాత్వికంగా వినండి. విన్నది మరొకరి చెవిన వేయకండి.