బయట కొన్న విమాన టికెట్‌కు సడలింపు: కేంద్ర ఉద్యోగులు దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఆఫీసు పని మీద టూర్‌కు విమానంలో వెళ్లాలంటే టికెట్ మూడే సంస్థల దగ్గర కొనాలి: బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్ అండ్ టూర్స్, ఐఆర్‌సీటీసీ. ఖర్చుకు కళ్లెం వేయడానికి ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం 2022 జూన్ 16న ఇచ్చిన ఆఫీస్ మెమొరాండంలోని నిబంధన ఇది. హడావుడిలో ఫోన్‌లో ఉన్న యాప్‌తోనే టికెట్ కొనేసి, టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు వెనక్కి వచ్చాక తల పట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ డబ్బు పోయిందనుకుని వదిలేయకండి. సడలింపు ఇచ్చే వీలు కూడా ఆ మెమొరాండంలోనే ఉంది.

టూర్ ఆర్డర్, టికెట్, బోర్డింగ్ పాస్, డబ్బు కట్టిన రసీదు ఎలాగూ బిల్లుకు జతచేస్తారు. వీటితో పాటు సడలింపు కోరుతూ విడిగా ఒక దరఖాస్తు పెట్టాలి. మంత్రిత్వ శాఖలో పనిచేసేవారికి దాన్ని మంజూరు చేసేది ఆర్థిక సలహాదారు. అనుబంధ, సబార్డినేట్ కార్యాలయాల్లో అయితే జాయింట్ సెక్రటరీ హోదాకు తగ్గని శాఖాధిపతి. బిల్లులు పాస్ చేయించే మీ డీడీఓ (డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్) చేతిలో ఈ అధికారం లేదు కాబట్టి ఆయనతో వాదించి లాభం లేదు. ఆఫీసు ద్వారా పైకి పంపమని అడగండి.

ఫైలు ఆగిపోయేది కారణం దగ్గర. సడలింపు ఉన్నది తప్పనిసరి పరిస్థితులకు మాత్రమే. ‘బయట టికెట్ చవగ్గా వచ్చింది’ అని చాలామంది రాస్తారు. ప్రభుత్వానికి డబ్బు మిగిల్చాం కదా అన్న బాధ న్యాయమైనదే. కానీ చవక అనేది తప్పనిసరి పరిస్థితి కిందికి రాదు. ‘రూల్ తెలియదు’ అన్నా అంతే. అధికారి వెతికేది ఒక్కటే: ఆ రోజు, ఆ గంటలో ఆ మూడు చోట్లా ఎందుకు కొనలేకపోయారు?

అందుకని జరిగింది జరిగినట్టు, టైముతో సహా రాయండి. ఉదాహరణకు: ‘టూర్ ఆర్డర్ సాయంత్రం 6.40కి మెయిల్‌లో అందింది. మర్నాడు ఉదయం 10.30కి కోర్టులో హాజరు కావాలి. 7.05కి, మళ్లీ 7.20కి అనుమతి ఉన్న సంస్థ పోర్టల్‌లో పేమెంట్ ఫెయిల్ అయింది. మిగతా రెండింటిలో ఆ వేళకు చేరే విమానంలో సీటు చూపలేదు.’ ఆ మెయిల్, ఫెయిలైన పేమెంట్ స్క్రీన్‌షాట్, బ్యాంకు మెసేజ్ వెనక పెట్టండి. ప్రయాణానికి 72 గంటల లోపు కొన్న టికెట్ అయితే, ఎక్కడ కొన్నా సరే, అంత ఆలస్యం ఎందుకైందో సొంత వివరణ కూడా ఇవ్వాలి.

ఛార్జీ విషయం మరో చిక్కు. వెళ్లాల్సిన మూడు గంటల స్లాట్‌లో ఉన్న విమానాల్లో అన్నిటికన్నా తక్కువ ధర టికెట్ ఎంచుకోవాలి, కొనే సమయానికి అనుమతి ఉన్న సంస్థ పేజీలో కనిపించిన ధరల ప్రింటు దాచుకోవాలి అన్నది నియమం. బయట కొనాల్సి వచ్చినా ముందు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. తీసుకోకపోతే లేదనే రాయండి. ఇవాళ్టి ధరలు తీసి ఆ రోజువని పెట్టొద్దు.

‘అనుమతి ఉన్న ఏజెంటు పేరుతో బిల్లు ఇప్పిస్తాం’ అనేవాళ్లు ఇక్కడే తగులుతారు. వాళ్ల మాట వినకండి. పీఎన్‌ఆర్ సరిచూస్తే టికెట్ ఎక్కడ కొన్నారో బయటపడుతుంది. సడలింపు రాకపోతే పోయేది టికెట్ డబ్బు. దొంగ బిల్లు పెడితే ఉద్యోగానికే ఎసరు. నకిలీ ఈ-టికెట్లు, బోర్డింగ్ పాసులతో ప్రయాణ భత్యం తీసుకున్న కేసులో 2022లో ఢిల్లీ కోర్టు ఒక మాజీ రాజ్యసభ సభ్యుడికి జైలు శిక్ష వేసింది.

సడలింపు వచ్చాకే బిల్లు పెడదామని ఆగకండి. ప్రయాణం ముగిశాక 60 రోజుల్లో టీఏ క్లెయిమ్ ఇవ్వాలి. గడువు దాటితే మంచి కారణం ఉన్నా ముందు ఆ ఆలస్యం గురించే అడుగుతారు. బిల్లు, దరఖాస్తు ఒకేసారి ఇచ్చి, రెండింటికీ తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి.

ఇదంతా ఆఫీసు టూర్ల సంగతి. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) నిబంధనలు చూసేది సిబ్బంది, శిక్షణ విభాగం (డీఓపీటీ) కాబట్టి, ఆ టికెట్ బయట కొనే ముందే మీ పరిపాలన విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.